నాదానికి బలమిచ్చిన లియో ఫెండర్

సంగీత సభలో శ్రోతల చూపులు గాయకుని మీద, వాద్యకారుల మీద నిలుస్తాయి. వేదిక వెనుక భాగంలో నేలమీద ఉంచిన చెక్కపెట్టెను ఎవరూ అంతగా గమనించరు. కానీ విద్యుత్ గిటారు తీగలోని అతి సూక్ష్మమైన ప్రకంపనను సభాభవనమంతటా వినిపించే నాదంగా మార్చేది ఆ పెట్టే. దానినే ధ్వనివర్ధకం లేదా ఆంప్లిఫయర్ అంటారు. అటువంటి పెట్టెలను నిర్మించడానికి, మెరుగుపరచడానికి జీవితాన్ని వెచ్చించి, ఇరవయ్యో శతాబ్దపు సంగీత స్వరూపాన్నే మార్చిన వ్యక్తి అమెరికాకు చెందిన లియో ఫెండర్. ఆయన గాయకుడు కాదు. గిటారు వాయించడం, దానిని శ్రుతి చేయడం కూడా ఆయనకు రావు. ఇంజనీరింగు కళాశాలలో చదివినవాడూ కాదు. అయినా 1950లలో, 1960లలో ఆయన కర్మాగారంలో తయారైన ధ్వనివర్ధకాలను నేటికీ వాద్యకారులు వెదకి వెదకి, వేల డాలర్లు వెచ్చించి కొంటున్నారు. సామాన్య వాద్యకారుని నిత్యావసరానికై తయారైన ఆ పరికరాలు ఇంతకాలం ఎలా నిలిచాయో తెలుసుకోవాలంటే వాటిని నిర్మించిన మనిషి జీవితాన్ని తెలుసుకోవాలి.

క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్ 1909వ సంవత్సరం ఆగస్టు 10వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రంలోని అనహైమ్, ఫుల్లర్టన్ పట్టణాల సమీపంలో జన్మించాడు. తల్లిదండ్రులు నారింజ తోటలు సాగు చేసుకొనే రైతులు. శ్రమనే నమ్ముకొన్న ఆ ఇంట్లో పెరిగిన బాలునికి పనిలోనే ఆనందం పొందే స్వభావం చిన్నతనంలోనే అలవడింది. ఎనిమిదేళ్ల వయస్సులో ఒక కంటిలో కణితి ఏర్పడడం వల్ల ఆ కన్నును తొలగించవలసి వచ్చింది. దాని స్థానంలో గాజు కన్ను అమర్చారు. ఈ వైకల్యాన్ని లియో తన పనికి అడ్డంకిగా భావించలేదు. కొంతకాలం పియానో, తరువాత శాక్సొఫోన్ నేర్చుకొన్నాడు గాని సంగీత విద్యలో పెద్దగా రాణించలేదు. నాదం పట్ల ఆయనకున్న ఆసక్తి మరో మార్గంలో ఫలించవలసి ఉంది.

ఆయనకు పదమూడేళ్లు దాటిన రోజులలో దగ్గరి బంధువు ఒకరు ఒక పెట్టె పంపించాడు. ఆ బంధువు మోటారు వాహనాల విద్యుత్ పరికరాలు మరమ్మతు చేసే దుకాణం నడిపేవాడు. పెట్టెలో ఉన్నవి ఒక పాత బ్యాటరీ, పనికిరావని పక్కన పడేసిన కొన్ని రేడియో విడిభాగాలు. ఇతరుల దృష్టిలో చెత్తగా కనిపించే ఆ వస్తువులు లియోకు నిధిలా తోచాయి. తరువాత ఆ దుకాణానికి వెళ్లినప్పుడు, బంధువు స్వయంగా తయారు చేసిన రేడియో నుంచి బిగ్గరగా వినవస్తున్న సంగీతం ఆయన మనస్సులో చెరగని ముద్ర వేసింది. ఇంటికి తిరిగి వచ్చిన లియో విడిభాగాలు కూర్చి రేడియోలు చేయడం, ఇరుగుపొరుగు వారి రేడియోలు బాగుచేయడం ప్రారంభించాడు. ఆయనకు గురువూ, పాఠశాలా ఆ పాత రేడియోలే.

ఆనాటి రేడియోకు ప్రాణం వాల్వు. ఇది లోపలి గాలిని తీసివేసిన గాజు గొట్టం. దానిలో ఒక లోహపు భాగం వేడెక్కి ఎలక్ట్రాన్లను వెలువరిస్తుంది. అవి ఎదురుగా ఉన్న పలక వైపు ప్రవహిస్తాయి. ఈ రెండింటి నడుమ సన్నని తీగతో అల్లిన జల్లెడ వంటి భాగం ఉంటుంది. ఆ జల్లెడకు అందే విద్యుత్తులో కొద్దిపాటి మార్పు వచ్చినా, పలకకు చేరే ప్రవాహంలో పెద్ద మార్పు కలుగుతుంది. బలహీనమైన సంకేతం బలమైనదిగా మారే రహస్యం ఇదే. 1904లో ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రెండు భాగాల వాల్వును రూపొందించగా, 1906లో అమెరికాకు చెందిన లీ డి ఫారెస్ట్ దానికి మూడవ భాగాన్ని చేర్చాడు. మన తెలుగు ఇళ్లలో కూడా ఒకప్పుడు రేడియో మీట తిప్పిన తరువాత మాట వినిపించడానికి కొన్ని క్షణాలు వేచి ఉండవలసి వచ్చేది. వాల్వులు వేడెక్కడానికి పట్టే సమయమే ఆ ఆలస్యానికి కారణం. లియో జీవితమంతా ఈ గాజు గొట్టాలతోనే ముడిపడింది.

1928లో ఉన్నత పాఠశాల విద్య పూర్తిచేసిన లియో, ఫుల్లర్టన్ జూనియర్ కళాశాలలో గణక శాస్త్రం చదివాడు. జీవనోపాధికి జమాఖర్చులు వ్రాయడం, మనశ్శాంతికి రేడియోలు బాగుచేయడం ఆయన దినచర్య అయింది. ఒక మంచు కర్మాగారంలో మొదట సరుకు చేరవేసే పనివాడుగా, తరువాత గణకుడుగా పనిచేశాడు. ఆ రోజులలోనే స్థానిక వాద్యబృందం నాయకుడొకరు కోరగా నృత్యసభలలో ఉపయోగించే ధ్వనివర్ధక వ్యవస్థలను తయారు చేసి ఇచ్చాడు. 1934లో ఎస్తర్‌తో ఆయనకు వివాహమైంది. అనంతరం రాష్ట్ర రహదారుల శాఖలో గణకుడుగా చేరాడు. అది ఆర్థికమాంద్యం అమెరికాను కుంగదీసిన కాలం. ఆ ఉద్యోగం పోయింది. ఒక టైర్ల సంస్థలో మరో ఉద్యోగం దొరికింది. కొద్ది నెలలకే అదీ పోయింది. ఉద్యోగాలను నమ్ముకొని లాభం లేదని గ్రహించిన లియో 1938లో 600 డాలర్లు అప్పు చేసి, ఫుల్లర్టన్ పట్టణంలో రేడియో మరమ్మతుల దుకాణం తెరిచాడు.

ఆ చిన్న దుకాణమే ఆయనకు విశ్వవిద్యాలయం అయింది. రేడియోలతో పాటు వాద్యకారులు తమ గిటార్లను, ధ్వనివర్ధకాలను కూడా మరమ్మతుకు తెచ్చేవారు. ఏ భాగం త్వరగా కాలిపోతుందో, ఏ అతుకు ప్రయాణపు కుదుపులకు ఊడిపోతుందో, ఏ మూల చెక్క పగులుతుందో లియో నిత్యం గమనించేవాడు. లోపల భాగాలన్నీ చిక్కుపడి ఉంటే, చిన్న లోపాన్ని సవరించడానికి కూడా పూటలు గడిచిపోయేవి. వాద్యకారుడు రోజుకూలీ వంటివాడు. సాయంత్రం సభకు ధ్వనివర్ధకం సిద్ధం కాకపోతే ఆనాటి సంపాదన లేనట్లే. ఈ సత్యం దుకాణంలో కూర్చున్న మరమ్మతుదారునికి తెలిసినంతగా కర్మాగారంలోని ఇంజనీరుకు తెలియదు. పరికరాన్ని తయారు చేసేటప్పుడే దాని మరమ్మతు గురించి ఆలోచించాలనే నియమం లియోకు ఇక్కడే ఏర్పడింది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో గాజు కన్ను కారణంగా ఆయనను సైన్యంలోకి తీసుకోలేదు. ఆ సమయంలోనే వాద్యకారుడు, విద్యుత్ వాద్యాల నిర్మాణంలో అనుభవజ్ఞుడు అయిన డాక్ కాఫ్‌మన్‌తో స్నేహం కుదిరింది. ఇద్దరూ కలిసి గ్రామఫోన్ రికార్డులను దానంతటదే మార్చే యంత్రాన్ని రూపొందించి, దాని హక్కులను 5,000 డాలర్లకు అమ్మారు. ఆ ధనంతో 1945లో తమ పేర్ల మొదటి అక్షరాలతో సంస్థను నెలకొల్పి, ఒడిలో పెట్టుకొని వాయించే స్టీల్ గిటార్లను, వాటికి తగిన చిన్న ధ్వనివర్ధకాలను తయారు చేశారు. కానీ వ్యాపారాన్ని పెద్దది చేయాలంటే అప్పు చేయక తప్పదు. అప్పంటే భయపడిన కాఫ్‌మన్ 1946లో విడిపోయాడు. తన వాటాకు ప్రతిఫలంగా ఒక చిన్న ప్రెస్ యంత్రాన్ని మాత్రం తీసుకొన్నాడు. వారి స్నేహం మాత్రం చెడలేదు. లియో ఒంటరిగా ఫెండర్ ఎలక్ట్రిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీని కొనసాగించాడు.

మొదటి సంవత్సరాలు కష్టాలతో గడిచాయి. చేతిలో డబ్బు ఆడని రోజులలో టెలిఫోన్ సంస్థలో పనిచేసే ఎస్తర్ జీతమే ఆ ఇంటికి ఆధారమైంది. 1946లో వెలువడిన తొలి ధ్వనివర్ధకాలు గట్టి చెక్కతో చేసినవి. మెరుగుపెట్టిన చెక్క పైకి కనిపించే ఆ పెట్టెలను నేటి సేకర్తలు వుడీలు అని పిలుస్తారు. చూడడానికి అందంగా ఉన్నా, ఊరూరా తిరిగే వాద్యకారుని చేతిలో వాటి అందం ఎక్కువకాలం నిలవదు. అందువల్ల 1940ల చివర ప్రయాణపు పెట్టెలకు వాడే ట్వీడ్ అనే గట్టి వస్త్రాన్ని లియో తన ధ్వనివర్ధకాలకు తొడిగించాడు. లేత గోధుమ రంగు గల ఆ వస్త్రం కాలక్రమంలో తేనె రంగుకు మారుతుంది. ఛాంప్, ప్రిన్స్‌టన్, డీలక్స్, సూపర్, ట్విన్, బాస్‌మన్ వంటి పేర్లతో చిన్నవీ, పెద్దవీ అయిన ట్వీడ్ ధ్వనివర్ధకాలు 1950ల పొడవునా వెలువడ్డాయి.

లియో పనిచేసే తీరు విశిష్టమైనది. కొత్త నమూనా తయారు కాగానే దానిని పరిసరాలలోని వాద్యకారుల చేతికి ఇచ్చేవాడు. వారు సభలలో దానిని వాయించి చెప్పిన లోపాలను ఓపికగా వినేవాడు. తిరిగి కర్మాగారానికి వచ్చి ఒక నిరోధకాన్నో, ఒక కెపాసిటర్‌నో మార్చి, మళ్లీ ఇచ్చేవాడు. తాను వాయించలేకపోవడం వల్ల వాయించేవారి మాటనే ప్రమాణంగా తీసుకొన్నాడు. మూల వలయాలు చాలావరకు వాల్వు తయారీ సంస్థలు ప్రచురించిన పుస్తకాలలో ఉన్నవే. వాటిని గిటారుకు తగినట్లు సంస్కరించడం, కుదుపులకు తట్టుకొనేలా కూర్చడం ఆయన ప్రతిభ. రంధ్రాలకు చిన్న లోహపు వలయాలు బిగించిన ఫైబరు పలక మీద భాగాలన్నింటినీ వరుసగా పరచి, చేతితో టంకం వేసేవారు. వెనుక చెక్క విప్పితే ఏ వాల్వు ఎక్కడ ఉండాలో తెలిపే కాగితపు పట్టిక లోపల అతికించి ఉండేది. ఆ పని చేసిన స్త్రీలు తమ పేరు వ్రాసిన చిన్న పట్టీని లోపల అతికించడం కూడా కొన్ని ధ్వనివర్ధకాలలో కనిపిస్తుంది.

వాద్య నిర్మాణంలోనూ లియో ఇదే పద్ధతిని అనుసరించాడు. 1948లో తనతో చేరిన జార్జ్ ఫుల్లర్టన్ సహకారంతో, లోపల డొల్ల లేని గట్టి చెక్కతో గిటారును రూపొందించాడు. 1950లో వెలువడిన ఆ వాద్యానికి ముందు పెట్టిన పేరు మరో సంస్థ డ్రమ్ములకు ఉన్నట్లు తెలియడంతో, 1951లో దానికి టెలికాస్టర్ అని పేరు మార్చాడు. దాని మెడను మరలతో బిగించడం వల్ల పాడైతే మార్చుకోవడం సులభమైంది. అదే సంవత్సరం విద్యుత్ బాస్ గిటారును వెలువరించాడు. ఆ మంద్ర స్వరాన్ని మోయగల ధ్వనివర్ధకం అవసరమై, 1952లో బాస్‌మన్ పుట్టింది. 1954లో స్ట్రాటోకాస్టర్ గిటారు రూపొందింది. వాద్యకారుడైన ఫ్రెడీ టవారెస్ 1953లో సంస్థలో చేరి లియోకు కుడిభుజంగా నిలిచాడు. అమ్మకాల భారాన్ని డాన్ రాండాల్ వహించాడు.

1960 ప్రాంతంలో డిక్ డేల్ అనే యువ వాద్యకారుడు లియోకు గొప్ప పరీక్ష పెట్టాడు. సముద్రతీరంలోని బాల్బోవా నృత్యశాలలో వేలాది యువతీ యువకుల ఎదుట ఆయన ఎంతో బిగ్గరగా వాయించేవాడు. ఆ ధాటికి ధ్వనివర్ధకాలు కాలిపోయేవి, స్పీకర్లు చిరిగిపోయేవి. తన పరికరం విఫలమైనందుకు లియో ఆ యువకుని తప్పుపట్టలేదు. టవారెస్‌తో కలిసి స్వయంగా ఆ నృత్యశాలకు వెళ్లి, జనసమూహం నడుమ నిలిచి విన్నాడు. మనుషులు నిండిన శాలలో నాదం ఎంతగా ఇంకిపోతుందో అప్పుడు ఆయనకు అర్థమైంది. ఫలితంగా పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, 15 అంగుళాల బలమైన స్పీకరు గల షోమన్ ధ్వనివర్ధకం రూపొందింది. 1961లో స్ప్రింగుల సహాయంతో ప్రతిధ్వనిని కల్పించే రివర్బ్ పరికరాన్ని, 1963లో దానిని లోపలే ఇముడ్చుకొన్న ధ్వనివర్ధకాలను ఆయన సంస్థ వెలువరించింది.

వాల్వు ధ్వనివర్ధకం విషయంలో ఒక వింత ఉంది. దాని శక్తికి మించి నాదాన్ని పెంచితే స్వరం స్వచ్ఛత కోల్పోయి గరుకుబారుతుంది. లియో దృష్టిలో అది లోపమే. స్వరం ఎంత బిగ్గరగా ఉన్నా నిర్మలంగా ఉండాలని ఆయన జీవితాంతం ప్రయత్నించాడు. కానీ తరువాతి తరం వాద్యకారులకు ఆ గరుకుదనమే ఇంపుగా తోచింది. వాల్వు ఒక్కసారిగా కాక క్రమక్రమంగా వంగుతూ స్వరాన్ని మార్చడం వల్ల దానిలో ఒక జీవం వారికి కనిపించింది. 1950లలో వచ్చిన, నాలుగు 10 అంగుళాల స్పీకర్లు గల బాస్‌మన్ ధ్వనివర్ధకం బాస్ గిటారు కోసం రూపొందింది. అయినా మామూలు గిటారు వాద్యకారులే దానిని ఎక్కువగా అభిమానించారు. లండన్ నగరంలో సంగీత దుకాణం నడిపిన జిమ్ మార్షల్ బృందం 1962లో తమ తొలి ధ్వనివర్ధకానికి దానినే నమూనాగా తీసుకొంది. ఆ విధంగా లియో లోపమని తలచిన గుణమే రాక్ సంగీతానికి గొంతుకగా మారింది.

సంస్థ ఇలా ఎదుగుతున్న కాలంలోనే లియో ఆరోగ్యం క్షీణించింది. ముక్కు చుట్టూ ఉండే ఎముకల గుల్లలకు సోకిన అంటువ్యాధి ఏళ్ల తరబడి ఆయనను వేధించింది. ఎన్ని చికిత్సలు చేసినా తగ్గలేదు. తాను ఎక్కువకాలం బతకననే నిశ్చయానికి ఆయన వచ్చాడు. తన మరణానంతరం వందలాది కార్మికుల గతి ఏమిటనే చింత ఆయనను పట్టుకొంది. సంస్థను అమ్మివేయదలచినట్లు రాండాల్‌కు తెలియజేశాడు. చివరకు 1965 జనవరిలో ప్రసార రంగంలో పేరుగాంచిన సి.బి.ఎస్. సంస్థ 130 లక్షల డాలర్లకు దానిని కొన్నది. అంతకు ముందు సంవత్సరమే సి.బి.ఎస్. న్యూయార్క్ నగరపు ప్రఖ్యాత బేస్‌బాల్ జట్టులో 80 శాతం వాటాను 112 లక్షల డాలర్లకు కొన్నదంటే, గిటార్ల సంస్థకు పలికిన విలువ ఎంతటిదో తెలుస్తుంది. కర్మాగారంతో పాటు ఫెండర్ అనే పేరు మీద వ్యాపార హక్కు కూడా చేతులు మారింది.

తరువాత జరిగినది విధి విలాసమే. కొంతకాలానికి మరో వైద్యుడు ఇచ్చిన మందుతో ఆ వ్యాధి పూర్తిగా నయమైంది. మరణం తప్పదనే భయంతో సర్వస్వాన్ని అమ్ముకొన్న మనిషి 26 సంవత్సరాలు బతికాడు. ధనానికి కొరత లేదు. కానీ తన పేరుతో ఒక్క గిటారును కూడా అమ్మే హక్కు ఆయనకు లేకపోయింది. ఒప్పందం ప్రకారం కొన్ని సంవత్సరాల పాటు పోటీ వ్యాపారం చేయడానికి కూడా వీలులేదు. సలహాదారుగా ఉన్నా, కొత్త యాజమాన్యం నిర్ణయాలలో ఆయన మాటకు పెద్దగా విలువ లభించలేదు. ఉత్పత్తి సంఖ్యను పెంచడం, ఖర్చు తగ్గించడం వారి లక్ష్యాలు. 1967 చివర ధ్వనివర్ధకాల ముఖఫలకాన్ని నలుపు నుంచి వెండి రంగుకు మార్చారు. 1968లో కొన్ని నమూనాల వలయాలలో చేసిన మార్పులను చాలామంది వాద్యకారులు మెచ్చుకోలేదు. పాత రోజుల ధ్వనివర్ధకాల కోసం వెదుకులాట అప్పటి నుంచి పెరిగింది.

అమ్మకం జరిగిన ఆ 1965వ సంవత్సరం నేటికీ సేకర్తలకు ఒక సరిహద్దు గీత. ఆ గీతకు ఇవతలిదో, అవతలిదో తెలుసుకోవడానికి ధ్వనివర్ధకమే సాక్ష్యం చెబుతుంది. మొదటి సాక్ష్యం పై తొడుగు. ట్వీడ్ వస్త్రం ఉంటే 1950ల నాటిదనీ, గోధుమ రంగు వినైల్ తొడుగు ఉంటే 1960ల తొలి సంవత్సరాలదనీ, నల్లని ముఖఫలకం ఉంటే 1963-1967 సంవత్సరాల నడుమదనీ స్థూలంగా గ్రహించవచ్చు. ఆ ఫలకం మీద ఫెండర్ ఎలక్ట్రిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ అని ఉంటే లియో కాలపు పేరు. ఫెండర్ మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అని ఉంటే అమ్మకం తరువాతి పేరు. కానీ తొడుగును మార్చవచ్చు, ఫలకాన్నీ మార్చవచ్చు. అందువల్ల వివేకం గల కొనుగోలుదారు లోపలి సాక్ష్యం కోసం చూస్తాడు.

లోపలి వాల్వుల పట్టిక మీద చాలా సందర్భాలలో రెండు ఆంగ్లాక్షరాల ముద్ర ఉంటుంది. మొదటి అక్షరం సంవత్సరానికి, రెండవది నెలకు గుర్తు. ఎ అంటే 1951, బి అంటే 1952. ఈ వరుసలో హెచ్ అంటే 1958. అలాగే నెలలలో ఎ జనవరి, ఇ మే. కనుక హెచ్, ఇ అక్షరాలు కలిసి ఉంటే ఆ ధ్వనివర్ధకం 1958 మే నెలలో తయారైనట్లు. ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు, నాదాన్ని పెంచే మీటల వెనుక ఉండే భాగాల మీద కూడా అంకెల ముద్రలుంటాయి. మొదటి మూడు అంకెలు తయారీదారును తెలుపుతాయి: 606 షుమాకర్ ట్రాన్స్‌ఫార్మరుకు, 220 జెన్సెన్ స్పీకరుకు, 465 ఆక్స్‌ఫర్డ్ స్పీకరుకు, 137 సి.టి.ఎస్. సంస్థకు గుర్తులు. తరువాతి అంకెలు సంవత్సరాన్ని, వారాన్ని సూచిస్తాయి. 1376542 అనే ముద్ర ఉంటే ఆ భాగం 1965వ సంవత్సరం 42వ వారంలో తయారైనదని అర్థం. పాత భాగాల మీద సంవత్సరానికి ఒక్క అంకె మాత్రమే ఉండవచ్చు. అప్పుడు దశాబ్దాన్ని ఇతర ఆనవాళ్ల ద్వారా నిర్ణయించాలి.

ఈ సాక్ష్యాలన్నీ ఒకదానితో ఒకటి పొసగాలి. ధ్వనివర్ధకం దానిలోని అసలు భాగాలన్నింటికంటె ముందు తయారై ఉండదు. భాగాలు కర్మాగారానికి వచ్చి కొన్ని వారాలు, నెలలు నిలవ ఉండవచ్చు గనుక ముద్రల నడుమ కొద్ది అంతరం సహజమే. ఏళ్ల అంతరం కనిపిస్తే ఆ భాగాన్ని తరువాత మార్చినట్లు. స్పీకరు, ట్రాన్స్‌ఫార్మరు మారితే సేకర్త దృష్టిలో విలువ తగ్గుతుంది. అయితే ప్రతి మార్పూ దోషం కాదు. విద్యుత్తును నిలవ చేసే కెపాసిటర్లు కాలక్రమంలో ఎండిపోతాయి, వాటిని మార్చవలసిందే. భూమికి కలిపే తీగ లేని పాత రెండు ముళ్ల ప్లగ్గును తీసివేసి మూడు ముళ్లది అమర్చడం ప్రాణరక్షణకు అవసరం. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. కనుక అనుభవం లేనివారు ఆ పెట్టె లోపల చేయి పెట్టరాదు. కొనదలచినవారు నిపుణునితో తెరిపించి చూడడం క్షేమకరం.

పేరును కోల్పోయినా లియో పనిని విడిచిపెట్టలేదు. పాత సహచరులు 1970లలో నెలకొల్పిన సంస్థకు మొదట మౌన భాగస్వామిగా తోడ్పడ్డాడు. మ్యూజిక్ మన్ అనే పేరు పొందిన ఆ సంస్థకు 1975లో అధ్యక్షుడయ్యాడు. ముందు భాగంలో ట్రాన్సిస్టర్లను, చివరి భాగంలో వాల్వులను జోడించిన ధ్వనివర్ధకాలను ఆ సంస్థ తయారు చేసింది. 1979లో ఎస్తర్ క్యాన్సర్ వ్యాధితో మరణించింది. కష్టకాలంలో తన జీతంతో ఇంటిని నిలబెట్టిన సహచరిని కోల్పోవడం ఆయనకు తీరని లోటు. 1980లో ఫిలిస్‌ను వివాహమాడాడు. ఆ రోజులలోనే జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ అనే సంస్థను స్థాపించాడు. జార్జ్, లియో పేర్ల మొదటి అక్షరాలే ఆ పేరు. ఇంటిపేరు వాడుకొనే హక్కు లేని మనిషి తన పేరులోని ఒక్క అక్షరంతో మళ్లీ జీవితం ప్రారంభించాడు.

చివరి సంవత్సరాలలో పార్కిన్‌సన్ వ్యాధి ఆయన చేతులను వణికించింది. అయినా ప్రయోగశాలకు వెళ్లడం మానలేదు. తాను చేసిన పాత గిటార్ల కంటె కొత్తవే మెరుగైనవని ఆయన నమ్మకం. లోకమంతా 1950ల నాటి తన వస్తువులను ఆరాధిస్తుంటే, ఆయన వాటిలోని లోపాలను తొలగించే ప్రయత్నంలో నిమగ్నుడై ఉండేవాడు. 1991 మార్చి 21వ తేదీన 81 సంవత్సరాల వయస్సులో లియో ఫెండర్ కన్నుమూశాడు. మరుసటి సంవత్సరం రాక్ సంగీత ప్రముఖులను గౌరవించే అమెరికా సంస్థ, ఒక్క పాట కూడా వాయించని ఆయనకు తన ప్రముఖుల జాబితాలో స్థానం కల్పించింది. 2009లో ఆయన సాంకేతిక కృషికి గ్రామీ పురస్కారం లభించింది.

కాలం మారింది. రేడియోల నుంచి వాల్వులు తొలగిపోయాయి. అమెరికాలో వాటి తయారీ దాదాపు అంతరించింది. అయినా రష్యా, స్లొవేకియా, చైనా దేశాలలోని కర్మాగారాలు వాటిని తయారు చేస్తూనే ఉన్నాయి. అందుకు ముఖ్య కారణాలలో గిటారు ధ్వనివర్ధకాలు ఒకటి. లియో తన పరికరాలు పురావస్తువులు కావాలని కోరుకోలేదు. అవి వాద్యకారుని చేతిలో పనిముట్లుగా ఉండాలని, చెడిపోతే సులభంగా బాగుపడాలని మాత్రమే కోరుకొన్నాడు. ఎవరైనా తెరిచి చూడగలిగేలా, చూసి అర్థం చేసుకోగలిగేలా, అర్థం చేసుకొని సరిచేయగలిగేలా వాటిని నిర్మించాడు. ఆ కారణంగానే అవి 60, 70 సంవత్సరాల తరువాత కూడా పలుకుతున్నాయి. తమ వయస్సును, తమ చరిత్రను దాచకుండా చెబుతున్నాయి. చిన్ననాడు ఇతరులు పారేసిన విడిభాగాలలో నిధిని చూసిన బాలుడు, పారేయవలసిన అవసరం రాని వస్తువులను లోకానికి ఇచ్చి వెళ్లాడు.